కోత పండుగలో పాత బ్యాటరీలు

నేను నా జీవితంలో ఏదీ ఉత్పత్తి చెయ్యలేదు. పెరట్లో వంగమొక్కలు పెడితే అవి కూడా పూతతోనే సరిపెట్టుకున్నాయి. అయినా ప్రభుత్వం దృష్టిలో నేను ఉత్పత్తిదారుణ్ణి. బందరులో రెండు షట్టర్ల కొట్టు పెట్టుకుని, చైనా నుంచి చిన్న చిన్న సీసం బ్యాటరీలు తెప్పించి అమ్ముకునే మనిషికి చట్టం ఇచ్చిన పేరు అది. బ్యాటరీని దేశంలోకి తెచ్చినవాడు దాన్ని కన్నవాడితో సమానమట. కన్నాక పేరు పెట్టాలి, నంబరు వెయ్యాలి, అది చచ్చాక అంత్యక్రియలు కూడా పద్ధతిగా జరిపించాలి.

వెటకారంగా చెబుతున్నాననుకోకండి. ఆ చట్టం మొదటిసారి చదివినప్పుడు నాకు నిజంగానే ముచ్చటేసింది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను కాబట్టి సీసం ఒంట్లోకి వెళితే ఏమవుతుందో కొంచెం తెలుసు. నేను అమ్మే బ్యాటరీలు పెద్దవేమీ కావు. గిలకలదిండిలో చేపల వేలంపాట దగ్గర తూకం వేసే ఎలక్ట్రానిక్ కాటా కడుపులో ఒకటి ఉంటుంది. గుడివాడ, నందివాడ వైపు చేపల చెరువుల గట్ల మీద కాపలా పాకల్లో సోలారు దీపానికి ఒకటి ఉంటుంది. దివిసీమలో నాటు పడవల మీద లైటుకి ఒకటి. రెండేళ్లు తిరిగేసరికి ప్రతిదీ చస్తుంది. చచ్చిన వాటి గతేమిటని అంతకు ముందు నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు దేశమే అడుగుతోంది. బాగుందనుకున్నాను.

రిజిస్ట్రేషన్ కోసం కొట్టు ముందు నిలబడి ఫోటో దిగమన్నారు, అక్షాంశం రేఖాంశం పడేలా. నవ్వకూడదని ఎక్కడా రాయలేదు గానీ, అప్పటికి ఆ ప్రభుత్వ పోర్టల్‌తో ఓ వేసవి గడిపినవాణ్ణి కాబట్టి నవ్వు రాలేదు. చివరికి నంబరు వచ్చింది. ఆ నంబరు ప్రతి బ్యాటరీ మీదా ఉండాలి, పక్కన అడ్డంగా గీత కొట్టిన చెత్తబుట్ట బొమ్మ ఉండాలి, ముద్ర చెరిగిపోకూడదు. చైనాలో ఆ పని చేసినవాళ్లెవరో గానీ మహా నిజాయితీపరులు. సబ్బు పెట్టి రుద్దినా పోదు.

ఇక అంత్యక్రియల సంగతి. అమ్మినదాంట్లో ఇంత భాగం పాతవి వెనక్కి తీసుకుని, లైసెన్సు ఉన్న కంపెనీకి పంపి, సీసం పద్ధతిగా తీయించాలి. ఎలా అని విజయవాడలో ఉన్న మా కన్సల్టెంటుకి ఫోన్ చేశాను. చాలా మర్యాదస్తుడు. ప్రతి మాటకీ 'అండీ' అంటాడు, చెడ్డమాటకైతే రెండుసార్లు అంటాడు.

"మీరు ఒక్క బ్యాటరీ కూడా ముట్టుకోనక్కర్లేదండీ. ఎక్కడో ఓ పెద్ద కంపెనీ వాళ్లు పద్ధతిగా కరిగించి ఉంటారు కదండీ, దానికి సర్టిఫికెట్లుంటాయి. అవి కొనుక్కుంటే మీ బాధ్యత తీరిపోయినట్టేనండీ."

"మరి దివిసీమలో నేనమ్మినవి?"

"అవి దివిసీమలోనే ఉంటాయండీ," అన్నాడు, ధైర్యం చెబుతున్నట్టు.

ఉన్నాయి. ఎక్కడున్నాయో చూడ్డానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు.

మా పిన్నిది అవనిగడ్డ దాటాక కాలవ గట్టు మీద ఊరు. బాబాయి పోయాక రెండు గేదెల్ని పెట్టుకుని, ఊళ్లో వాడిక ఇళ్లకి పాలు పోసుకుంటూ బతుకుతోంది. ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేసింది. పెద్ద గేదె గిరగిరా తిరుగుతోందట. కళ్లు కనపడుతున్నట్టు లేదట. రాటకి తల పెట్టి నెడుతూ పళ్లు కొరుకుతోందట. నేను పులిగడ్డ వంతెన దాటి ఊళ్లోకి చేరేసరికి అది పడిపోయి ఉంది. పశువుల డాక్టరు చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"ఇక్కడెక్కడైనా పాత బ్యాటరీలు పగలగొడతారా అండీ?" అని అడిగాడు.

పిన్ని కాలవ గట్టు వైపు చూసింది.

గట్టు మీద ఓ రేకుల షెడ్డు ఉంది. దాని యజమానిని ఊరంతా బావ అనే పిలుస్తుంది, వరస కలిసినా కలవకపోయినా. పాత బ్యాటరీలు కొని, పగలగొట్టి, లోపలి సీసాన్ని మూకుడులో కరిగించి, మట్టి అచ్చులో పోసి, వలల అడుగంచుకి కట్టే సీసం గుళ్లు తయారు చేస్తాడు. బరువు లేకపోతే వల నీళ్లలో దిగదు. వల దిగకపోతే ఇటు దివిసీమలో అటు గిలకలదిండిలో పొయ్యి వెలగదు. వాళ్ల నాన్నా అదే పని చేశాడు. ఎవరింట్లో పెళ్లయినా చావయినా కుర్చీలు మోసేది బావే. చర్చికి కొత్త మైకు కొనిచ్చింది బావే. విలన్ కోసం వెళ్లిన వాడికి నిరాశ తప్పదు.

పగిలిన బ్యాటరీ డొక్కులు కాలవలోకి జారి ఉన్నాయి. యాసిడ్ పారబోసిన చోట గడ్డి లేదు, ఆ చుట్టూ మాత్రం పచ్చగా ఉంది. పిన్ని గేదెలు మేసేది ఆ గట్టు మీదే. డొక్కులకి అంటుకున్న బూడిదరంగు మడ్డి పశువులకి రుచిగా ఉంటుందనీ, ఒకసారి మరిగితే వెతుక్కుని మరీ నాకుతాయనీ డాక్టరు దారిలో చెప్పాడు.

"రా బావా, రా. నీ సరుకే ఇదంతా," అన్నాడు బావ సంతోషంగా. ఒక డొక్కు తీసి పంచెకి తుడిచి చూపించాడు. నా రిజిస్ట్రేషన్ నంబరు. బురదలో ఎన్నాళ్లు నానిందో గానీ ఒక్క అంకె కూడా చెరగలేదు.

"దీన్నిలా పగలగొట్టకూడదు బావా."

"మరెలా పగలగొట్టాలి?"

"అసలు నువ్వు పగలగొట్టకూడదు. లైసెన్సు ఉన్నవాళ్లకి ఇవ్వాలి."

"వాళ్లేం చేస్తారు?"

"పగలగొడతారు."

బావ నా మొహంలోకి జాలిగా చూశాడు. చదువుకున్నవాడితో వాదనెందుకని కాబోలు, స్టూలు తుడిచి వేశాడు. గేదె సంగతి చెప్పాను. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం నీళ్లే. "అయ్యో అత్త గేదె! పెద్దదేనా? కాలవలోంచి డొక్కులు తీయించేస్తాలే. వానలు తగ్గనీ," అన్నాడు. వానలు తగ్గాయి. డొక్కులు తగ్గలేదు.

గేదెని పూడ్చిపెట్టిన సాయంత్రం పిన్ని వసారాలో కూర్చుని ఒక్కటే మాట చెప్పింది. "ఒరేయ్, నీ చట్టం ఏమంటదో నాకొద్దు. పెద్దది పోయింది. చిన్నది ఈని నెలన్నా కాలేదు. అదన్నా నాకు మిగలాలి. అది బతికే దారి చూడు."

ఇంతే. ఒక గేదె బతకాలి. చట్టానికి పెద్ద పనేమీ కాదనుకున్నాను.

కాలుష్యం చూసే ఆఫీసుకి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తారు. ఆ మాత్రానికే సగం గెలిచాననుకున్నాను.

"ఆయన రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి."

"ఆయనకి రిజిస్ట్రేషన్ లేదండీ. అదే నా ఫిర్యాదు."

"నంబరు కొట్టకపోతే సిస్టమ్ ముందుకి వెళ్లదండీ."

"నంబరు ఉంటే నేనెందుకు ఫిర్యాదు చేస్తానండీ?"

అవతల మనిషి ఆలోచిస్తున్నాడు, పాపం. "పోనీ, ఫోటోలు తీసి పెట్టండి. చర్య తీసుకుంటారు," అన్నాడు.

తీశాను. షెడ్డు, మూకుడు, కాలవలో డొక్కులు, చచ్చిన గేదెని కట్టిన రాట. దగ్గర నుంచి, వెలుతురు చూసుకుని తీశాను. చర్య తీసుకున్నారు. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది, నాకు. ఫోటోల్లో కనపడిన నంబరు ఒక్కటే, అది నాది. నా బ్యాటరీలు కాలవ గట్టున అక్రమంగా పడి ఉన్నందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో వివరణ ఇమ్మన్నారు.

నాకు కోపం రావడం అరుదు. వచ్చినా ఇంట్లో వాళ్లకి తెలియడానికి టైం పడుతుంది. ఆ రోజు మాత్రం ఫ్యాను కింద కూర్చుని కాయితాన్ని చాలాసేపు చూశాను. నంబరు తీసుకున్నవాడు కాబట్టి నేను దొరుకుతాను. తీసుకోనివాడు దొరకడు. దొరకనివాడు ఉన్నట్టు కాదు. ఉన్నట్టు కాని వాడు పారబోసిన యాసిడ్ కూడా ఉన్నట్టు కాదు. దాన్ని నాకి చచ్చిన గేదె మాత్రం చచ్చినట్టే.

కన్సల్టెంటు ధైర్యం చెప్పాడు. "సర్టిఫికెట్ ఒకటి జత చేస్తే సరిపోతుందండీ." కొంటే నా నోటీసు పోతుంది, పిన్ని గేదెకి ఏమవుతుందని అడిగాను. "గేదె మన పరిధిలోకి రాదండీ, అండీ," అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

సరే, సర్టిఫికెట్ తర్వాత చూద్దాం, ముందు బ్యాటరీలే పట్టుకుందామనుకున్నాను. షెడ్డుకి సరుకు రాకపోతే పొయ్యి ఆరిపోతుంది. పాతవన్నీ నేనే పోగేసి లైసెన్సు ఉన్న కంపెనీకి పంపేస్తే చట్టానికి చట్టం, గేదెకి గేదె. బందరులో కొట్టు ముందు ఒక డబ్బా పెట్టాను. దివిసీమలో టీ బడ్డీల దగ్గర బోర్డులు కట్టాను, చట్టం చెప్పిన బొమ్మతోనే, చక్రాల చెత్తబుట్ట మీద అడ్డంగా కొట్టివేత. కొన్నాళ్లకి రొయ్యల చెరువు కాపలాదారు ఒకాయన కనపడితే, పాత బ్యాటరీ ఏం చేశారని అడిగాను.

"కాలవలో ఏశానండీ."

"బోర్డు చూళ్లేదా?"

"చూశానండీ. చెత్తబుట్టలో ఎయ్యొద్దని మీరే బొమ్మేసి పెట్టారుగా. అందుకనే ఎయ్యలేదు."

ఆజ్ఞ పాలించడంలో లోపమేమీ లేదు. బోర్డులు విప్పించేశాను.

అప్పుడు పిన్నే దారి చెప్పింది. "బోర్డు చెబితే ఎవడింటాడ్రా? అయ్యగారి చేత చెప్పించు." వాళ్ల చర్చి అయ్యగారు కుర్రాయన, సైన్సు చదివినాయన. విషయం వినగానే కదిలిపోయారు. కోత పండుగ దగ్గర పడుతోంది. ఆ రోజు ప్రతి ఇంటి నుంచీ దేవుడికి ఏదో ఒకటి తెస్తారు. ఆ చేత్తోనే పాత బ్యాటరీలు కూడా చర్చికి తెమ్మని చెబుతానన్నారు. వరసగా ఆదివారాలు చెప్పారు, సృష్టిని కాపాడుకోవడం గురించి మంచి ప్రసంగం కూడా చేశారు. నేను విజయవాడలో లైసెన్సు ఉన్న కంపెనీ ఏజెంటుతో మాట్లాడి సోమవారం వ్యాన్ పంపేలా ఒప్పించాను. సోమవారం అన్నాను. ఆదివారం గురించి ఆలోచించలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కోత పండుగలు చూసినవాణ్ణి, ఆలోచించి ఉండాల్సింది.

పండుగ నాడు చర్చి నిండిపోయింది. వరి పనలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒక బుట్టలో బతికున్న పీతలు. వాటన్నిటి మధ్యా, అయ్యగారు ప్రార్థన చేసే బల్ల ముందు, నడుమెత్తు గుట్టగా బ్యాటరీలు. అంత పోగవుతాయని నేను కలలో కూడా అనుకోలేదు. చెరువుల మీద వాళ్లు, పడవల వాళ్లు, కాటాల వాళ్లు, ఆఖరికి ట్రాక్టరు బ్యాటరీలు కూడా మోసుకొచ్చి, ఆడవాళ్లు ముసుగేసుకుని, మగవాళ్లు తలగుడ్డ తీసి, భక్తిగా బల్ల ముందు పెట్టి వెళ్తున్నారు. వాకిట్లో పెట్టమని ఎవరూ చెప్పలేదు. చర్చికి తెచ్చింది బల్ల ముందు కాక ఇంకెక్కడ పెడతారు? పిన్ని ఆడవాళ్ల వైపు కూర్చుని గుట్టని చూసి, నా వైపు చూసి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆరాధన అయింది. వేలం మొదలైంది. ఇది మా వైపు చర్చిల్లో పద్ధతి. దేవుడికి తెచ్చినవన్నీ అక్కడే పాట పెడతారు, వచ్చింది సంఘానికి పోతుంది. గుమ్మడికాయకి ఊళ్లో ఉన్న ధరకీ ఆ రోజు పలికే ధరకీ పోలికే ఉండదు, ఎందుకంటే పాడేది కాయ కోసం కాదు. పాట పెట్టే సంఘ పెద్ద రిటైరయిన మాస్టారు. కోళ్లయ్యాయి, గెలలయ్యాయి, పీతల దగ్గర కాస్త గొడవయింది. తర్వాత ఆయన బ్యాటరీల వైపు చెయ్యి చూపించారు.

"ఇదిగో, ఈ గుట్ట. పాట ఎవరు మొదలెడతారు?"

నేను లేచాను. "మాస్టారూ, అవి వేలానికి కాదండీ. రేపు వ్యాన్ వస్తుంది, అయ్యగారికి తెలుసు."

అయ్యగారు తలూపబోయారు. మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు.

"బల్ల ముందు పెట్టింది దేవుడి సొమ్ము బాబూ. దేవుడి సొమ్ముని పాట లేకుండా ఒకరికి ఊరికే ఇచ్చే అధికారం నాకు లేదు. అయ్యగారికీ లేదు."

"తెచ్చిందే అందుకండీ. సీసం విషమండీ."

"విషమయితే బల్ల ముందు ఎందుకు పెట్టించావు?"

వెనక బెంచీలోంచి ఎవరో అందుకున్నారు. "మా తమ్ముడు గొడుగు మర్చిపోయి అక్కడ పెడితే అది కూడా పాట పెట్టారు మాస్టారు. ఆడే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నాడు." నవ్వులు. మాస్టారు కూడా నవ్వారు. గొడుగు తీర్పు ముందే ఉంది కాబట్టి ఇక తిరుగు లేదు.

నేనే పాడాను. మొదటి పాట నాదే. రెండో పాట మగవాళ్ల వైపు కిటికీ దగ్గర నుంచి వచ్చింది.

బావ.

మేమిద్దరం పాడినంతసేపూ సంఘానికి ఆనందం పెరిగింది. ఒకడు పైకెళ్తే 'స్తోత్రం', ఇంకోడు పైకెళ్తే ఇంకా గట్టిగా 'స్తోత్రం'. దేవుడి మీద ప్రేమతో ఇద్దరు బావలు పోటీ పడుతున్నారనే అనుకున్నారంతా. బావ కూడా అదే అనుకున్నాడేమో, నాకు తెలీదు. కానీ అతనికి ఆ గుట్ట రేపు సీసమవుతుంది, సీసం గుళ్లవుతుంది, గుళ్లు అమ్ముడవుతాయి. నాకు ఆ గుట్ట ఏమీ అవదు. అప్పుడే ఓడరేవులో ఉన్న డబ్బంతా కట్టి సరుకు విడిపించుకుని వచ్చినవాణ్ణి. నేనెక్కడ ఆగానో చెప్పను. ఆగాను.

"మూడోసారి! బావకే!" అన్నారు మాస్టారు. ఆయనా బావ అనే పిలుస్తారు.

చప్పట్లు. అన్నిటికంటే ఎక్కువ పాడినవాడి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యడం అక్కడ ఆనవాయితీ. అయ్యగారి మొహం పాలిపోయింది. కానీ జనమంతా లేచి నిలబడ్డారు, ఆయనా నిలబడ్డారు. బావ మోకరించాడు. అయ్యగారు అతని నెరిసిన జుట్టు మీద చెయ్యి పెట్టి, ఈ నీ దాసుడి చేతిపనిని దీవించు ప్రభువా, అతని పనిని వృద్ధి చెయ్యి అన్నారు. అలవాటైన మాటలు, నోటికి వాటంతటవే వస్తాయి.

ఆమెన్ అన్నాక పిన్ని ఒక్కతే కూర్చోలేదు.

"అయ్యగారూ, అదే నోటితో నా గేదె కోసం కూడా ప్రార్థన చెయ్యండి."

ఎవరో ఇకిలించబోయి ఆగారు. అయ్యగారు కళ్లు మూసుకుని చేశారు. మంచాయన. దీవెన రెండు వైపులకీ ఇచ్చారు. దేవుడు ఏ వైపు విన్నాడో పక్క రోజు గట్టు మీద పొగ చూస్తే తెలిసిపోయింది. అంత సరుకు బావ జన్మలో ఒక్కసారి కూడా చూసి ఉండడు. దివిసీమ అంతటా చెల్లాచెదురుగా, ఒక్కో పాకలో ఒక్కోటిగా పడి ఉన్న బ్యాటరీల్ని నేను శ్రమపడి, ప్రసంగాలు చెప్పించి, మా పిన్ని ఇంటి వెనక ఒక్కచోట చేర్చి పెట్టాను.

సోమవారం వ్యాన్ వచ్చింది. ఖాళీగా తిరిగెళ్లింది. వచ్చినందుకు రసీదు ఇచ్చి వెళ్లారు, మర్యాదస్తులు.

నోటీసుకి వివరణ ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది. సర్టిఫికెట్ కొన్నాను. నేనెప్పుడూ చూడని ఊళ్లో, ఎవరివో బ్యాటరీలని, ఎవరో పద్ధతిగా కరిగించారని అందులో ఉంది. జరిగే ఉంటుంది, కాదనను. జత చేశాను. నా వివరణ సంతృప్తికరమని జవాబు వచ్చింది. పోర్టల్‌లో నా పేరు పక్కన పచ్చరంగు వెలిగింది. తర్వాత ఒక అధికారి తనిఖీకి కూడా వచ్చాడు, బందరు కొట్టుకి. ఇసుక బకెట్లు చూశాడు, లేబుళ్లు చూశాడు, బాగుందన్నాడు. చేతులు పట్టుకున్నంత పని చేసి అడిగాను, గంటన్నర ప్రయాణం, కారు నేనే పెడతాను, ఒక్కసారి వచ్చి ఆ గట్టు చూడమని.

"అది నా తనిఖీల లిస్టులో లేదండీ. మీరున్నారు."

"నా బ్యాటరీలు అక్కడున్నాయండీ."

"మీ బ్యాటరీలు రికార్డు ప్రకారం రీసైకిల్ అయిపోయాయి కదండీ," అన్నాడు. టీ తాగి వెళ్లాడు.

ఈ మాట మీద నాకు ఇప్పటికీ నిద్ర సరిగా పట్టదు. దొంగతనం చేసినవాడు తప్పించుకున్నాడంటే అర్థముంది. ఇక్కడ ఎవరూ దొంగలు కారు. చట్టం రాసినవాళ్లు మంచివాళ్లే, ఫోన్ ఎత్తినవాడు ఎత్తాడు, కన్సల్టెంటు తన పని చేశాడు, మాస్టారు దేవుడి సొమ్ము కాపాడారు, బావ కుర్చీలు మోస్తాడు. ఇంతమంది సక్రమంగా నడుచుకుంటే కాలవలో సీసం కలిసింది. ఆ కాలవ పిన్ని గేదెతో ఆగదు. కింద ఊళ్లు ఉన్నాయి, మంచినీళ్ల చెరువులకి నీళ్లు పెట్టేది అందులోంచే. అయినా పచ్చరంగు వెలుగుతూనే ఉంది. అది ఎర్రబడాలంటే ఏం చావాలో నాకు తెలీదు.

ఆ పొగ పెరిగిన కొన్నాళ్లకి చిన్న గేదె మేత తగ్గించింది. డాక్టరు వచ్చి కళ్లు, చిగుళ్లు చూసి, ఇంకా ముదరలేదు గానీ ఈ గట్టు మీద ఉంచొద్దన్నాడు. కట్టేసి గడ్డి వేద్దామంటే గడ్డి కోసేది ఆ గట్టునే, కుడితి కలిపేది ఆ నీళ్లే. బావ దగ్గరికి పిన్ని మళ్లీ వెళ్లింది. షెడ్డు ఇంకో చోటికి మార్చమంది. "ఎక్కడికి మార్చనత్తా, నాకు సెంటు భూమి లేదు, గట్టంటే గవర్నమెంటుది," అన్నాడు. అదీ నిజమే.

పిన్ని ఆడపడుచు నందివాడ దగ్గర ఉంటుంది. అక్కడ గడ్డికి లోటు లేదు. గేదెనీ దూడనీ అక్కడికి తోలేసి, తనూ వెళ్లిపోతానంది. నాలుగు రోజులకి కాదు, అక్కడే. పాల వాడికలు లేకపోతే ఈ ఊళ్లో తనకి పనేముందంది. నేను వద్దనలేదు. వద్దని ఏ మొహంతో అంటాను?

పొద్దున్నే ట్రాలీ ఆటో మాట్లాడి తీసుకొచ్చాను. దూడని ఎత్తి ఎక్కించాం. గేదె ఎక్కదే! చెక్క మీద ముందుకాళ్లు పెట్టి, వెనక్కి లాక్కుని, మెడ విదిలించి నిలబడింది. డ్రైవరు పలుపు లాగుతున్నాడు, నేను వెనక నుంచి తోస్తున్నాను, కదలట్లేదు. షెడ్డులోంచి బావ చూసి పరిగెత్తుకొచ్చాడు.

"ఆగు బావా, అట్లా కాదు. నీకు చేతకాదు, తప్పుకో," అంటూ భుజం పెట్టబోయాడు.

"అల్లుడూ," అంది పిన్ని. "చేతులు కడుక్కుని ముట్టుకో దాన్ని."

బావ తన చేతులు చూసుకున్నాడు. మోచేతుల దాకా బూడిదరంగు. నొచ్చుకోలేదు. "నిజమే అత్తా," అని కాలవలోకి దిగి, శుభ్రంగా రుద్ది రుద్ది కడుక్కుని, ఆ తడి చేతులతోనే వచ్చాడు. ఒక పక్క నేను, ఇంకో పక్క అతను. బావకి పశువుల సంగతి తెలుసు, తొడ కింద ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కాడు. గేదె ఒక్క ఊపున ఎక్కేసింది. తలుపు వేసి గొళ్లెం పెట్టాడు. పలుపు బిగువుగా ఉందని వదులు చేశాడు కూడా.

పిన్ని డ్రైవరు పక్కన కూర్చుంది. ఒళ్లో బైబిలూ, పాల తపేలా.

అప్పుడు తట్టింది బావకి. అతనిదీ పిన్ని వాడికే, చాలా ఏళ్లుగా.

"అత్తా, అవునూ, రేపటి నుంచి మా ఇంటికి పాలెట్లా?"

"సీసం ఉందిగా," అంది పిన్ని. "కాచుకుని తాగు."

బావ పెద్దగా నవ్వాడు. అత్త వేళాకోళం అతనికి ఎప్పుడూ ఇష్టమే. ఆటో గట్టు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. పిన్ని వెనక్కి తిరిగి చూసింది. అతన్ని కాదు, గేదె సరిగ్గా నిలబడిందో లేదో చూసుకుంది.